జంపర్ వైరు కింద సంతకం ఎవరిది?

ఈమధ్య మా మెయింటెనెన్స్ వాళ్ళ చేతికి ఒక సర్క్యులర్ వచ్చింది. నాలుగంటే నాలుగు లైన్లు. ప్లాంటులో ఏ ఇంటర్‌లాకునీ, ఏ సేఫ్టీ స్విచ్చినీ, ఏ ప్రొటెక్షన్నీ బైపాస్ చేయరాదు, చేసినట్టు తేలితే సంబంధిత ఎలక్ట్రీషియన్ మీద చర్య తీసుకుంటాం అని దాని సారాంశం. ఇంటర్‌లాక్ అంటే ప్రమాదం ఉన్నప్పుడు యంత్రాన్ని నడవనివ్వని ఏర్పాటు. దాన్ని పక్కన పెట్టి యంత్రం నడపడమే బైపాస్. అందరం చదివాం, చదివినట్టు సంతకాలు పెట్టాం. ఆ సాయంత్రమే ఒక ప్యాకింగ్ మెషీన్ గార్డు స్విచ్చి, అంటే కదిలే భాగాల మీది కవచం తెరిస్తే యంత్రాన్ని ఆపే స్విచ్చి, మొరాయించింది. షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గర్నుంచి వచ్చిన మొదటి మాట, "ఇప్పటికి ఏదోటి చేసి లైను నడిపించండి, రేపు చూసుకుందాం."

ఆ ఏదోటి ఏమిటో అడిగినాయనకీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. స్విచ్చి రెండు చివర్లనీ ఒక వైరు ముక్కతో కలిపేసి, గార్డు తెరిచి ఉన్నా యంత్రం నడిచేలా చేయడం. ఆ ముక్కనే జంపర్ అంటాం. కాగితం మీద మాత్రం ఎక్కడా ఉండదు. రేపు ఎవరికైనా చెయ్యి నలిగితే ప్యానెల్లో దొరికేది వైరు ముక్క ఒక్కటే, అది పెట్టిన చేతికి తప్ప పెట్టమన్న నోటికి ఆనవాలుండదు.

ఆ సర్క్యులర్ వెనక ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ బైపాస్‌ని నిషేధిస్తే బైపాస్ పోదు, కనబడకుండా పోతుంది, అంతే. ఇన్నాళ్ళ పనిలో నన్ను భయపెట్టినవన్నీ ఎవరికీ తెలియని బైపాస్‌లే. తెలిసినదాని చుట్టూ మనం జాగ్రత్తపడతాం, తాడు కట్టి మనిషిని నిలబెడతాం. తెలియనిదాన్ని నమ్ముకుని యంత్రంలో చెయ్యి పెడతాం. అందుకని నిషేధం కన్నా, ఒప్పుకోదగ్గ కొన్ని బైపాస్‌లని గడువు పెట్టి బాహాటంగా ఒప్పుకోవడమే మేలని నా వాదన. వాటి కింద మొదటి సంతకం ఎలక్ట్రీషియన్ది కాకుండా అడిగినవాడిది ఉండాలి. ఈ వాదనలో చిక్కులున్నాయని నాకూ తెలుసు, వాటి దగ్గరికీ వస్తాను.

దుమ్ములో తెలిసే వయసు

ఒకసారి పొడవాటి కన్వేయర్ ఒకటి ఆగిపోతే దాని ప్యానెల్ తెరిచాం. కింది వరస టెర్మినళ్ళలో వైర్లన్నీ బూడిద రంగువి, ప్రతిదానికీ నంబరు ఫెర్రూల్ (ఏ వైరో చెప్పే తొడుగు) ఉంది, చివర్లకి లగ్గులు (బిగించే లోహపు ముక్కలు) ఉన్నాయి. వాటి మధ్య జానెడు ఎర్ర వైరు ఒకటి. ఫెర్రూల్ లేదు, లగ్గు లేదు, చివర్లు చేత్తో మెలిపెట్టి రెండు టెర్మినళ్ళ మధ్య బిగించారు. ఆరోజు వచ్చిన ఫాల్టుకీ దానికీ సంబంధం లేదు. కానీ దాని మీద దుమ్ము పక్క వైర్ల మీద ఎంతుందో అంతే ఉంది. అంటే కిందటి షట్‌డౌన్‌లో ప్యానెల్ శుభ్రం చేసిన నాటికి కూడా అది అక్కడే ఉందన్నమాట. బ్లోయర్ పట్టుకున్నవాడు దాని దుమ్ము కూడా శ్రద్ధగా దులిపి తలుపు మూసేశాడు.

డ్రాయింగు తీసి చూస్తే ఆ రెండు టెర్మినళ్ళూ పుల్-కార్డ్ స్విచ్‌వి. కన్వేయర్ పొడవునా పక్కన వేలాడే తాడు ఉంటుంది కదా, బట్ట చిక్కుకున్నా మనిషి పడినా లాగితే బెల్టు ఆగాలి. ఆ తాడుకి కొత్తగా ఎర్రరంగు వేసి ఉంది. పక్కన ఆపదలో లాగండి అన్న బోర్డు శుభ్రంగా తుడిచి ఉంది. చెక్‌లిస్టులో దాని ఎదురుగా టిక్కులు వరసగా ఉన్నాయి. తాడు బాగానే ఉంది మరి, టిక్కు పెట్టినవాడు చూసింది తాడునే. దాని అవతల ఉన్న కాంటాక్టు తెరుచుకున్నా మూసుకున్నా కంట్రోల్ సర్క్యూట్‌కి తేడా లేకుండా చేసిన సంగతి అతనికి తెలిసే దారి లేదు.

ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. దాచిపెడుతున్నారని కాదు, నిజంగానే ఎవరికీ గుర్తులేదు. కారణం మాత్రం గంటలో దొరికింది. ఆరుబయట ఉన్న స్విచ్చి డబ్బాలో కేబుల్ దూరే చోట బిగించే గ్లాండ్ వదులై నీళ్ళు దిగాయి, కాంటాక్టులు చిలుము పట్టాయి. తాడు లాగకపోయినా బెల్టు ఆగిపోతుండేది. ఏదో రాత్రి ఎవరో జంపర్ పెట్టారు, లైను నడిచింది, పొద్దున షిఫ్టు మారింది. స్విచ్చి మార్చి, గ్లాండ్ బిగించి, ఎర్ర వైరు పీకడానికి సగం షిఫ్టు కూడా పట్టలేదు.

నాకు ఇందులో ఆసక్తి కలిగించేది పెట్టినవాడి తప్పు కాదు. ఆ తర్వాత ఆ ప్యానెల్ తెరిచిన ప్రతివాడి లెక్క. ఫెర్రూల్ లేని వైరు కనబడితే ఎలక్ట్రీషియన్ కన్ను వెంటనే పట్టేస్తుంది. అయినా చెయ్యి వెయ్యడు. ఎవరో ఏదో కారణంతోనే పెట్టి ఉంటారు, తీస్తే లైను ఆగుతుంది, ఆగితే నువ్వు ముట్టుకోకముందు బాగానే నడిచింది కదా అంటారు. పెట్టినవాడి పేరు లేని జంపర్‌కి చావు లేదు. పక్కన చిన్న ట్యాగు మీద తేదీ, పేరు, కారణం ఉంటే రెండోరోజే ఎవడో ఒకడు ఆ పేరున్నవాణ్ణి పట్టుకుని ఇదింకా కావాలా అని అడిగేవాడు.

తాత్కాలికంగా చేసిన మార్పు అవతలి షిఫ్టుకి తెలియకపోతే ఎంతదాకా పోతుందో చెప్పడానికి పైపర్ ఆల్ఫా చాలు. 1988 జులై 6, ఉత్తర సముద్రంలో చమురు, గ్యాసు తీసే ప్లాట్‌ఫారం. ఒక పంపు మీది ప్రెషర్ సేఫ్టీ వాల్వును మెయింటెనెన్స్‌కి తీసి, ఆ చోట గుడ్డి ఫ్లాంజ్ (పైపు మూసే మూత) బిగించారు. వాల్వు తీసిన సంగతి పర్మిట్ కాగితం మీద ఉంది. కానీ రాత్రి రెండో పంపు ట్రిప్పయినప్పుడు, అంటే దానంతటదే ఆగిపోయినప్పుడు, షిఫ్టువాళ్ళ దృష్టికి ఆ కాగితం రాలేదు. మొదటి పంపు సిద్ధంగానే ఉందనుకుని స్టార్ట్ చేశారు. ఆ మూత దగ్గర లీకై పేలింది. 167 మంది పోయారు. అక్కడ జంపర్ వైరేమీ లేదు, దొంగచాటుగా చేసిందీ ఏమీ లేదు, కాగితం కూడా ఉంది. ఉన్న కాగితం సరైన చోట లేకపోతేనే ఇంత జరిగింది. మన పద్ధతిలో కాగితమే ఉండదు.

వైరు లేని బైపాస్‌లు

నిషేధం రాసేవాళ్ళ కళ్ళముందు ఎప్పుడూ వైరు ముక్కే ఉంటుంది. ఆడిట్‌లో వెతికేదీ అదే. అసలు చిక్కు వైరు లేనివాటితో.

ఓవర్‌లోడ్ రిలే సంగతే చూడండి, మోటారు హద్దు మించి కరెంటు లాగితే ఆపేది అదే. 11 కిలోవాట్ల మోటారు, స్టార్-డెల్టా స్టార్టరు (వైండింగ్ కనెక్షన్ మార్చి మోటారుని మెల్లగా స్టార్ట్ చేసేది), నేమ్‌ప్లేటు మీద సుమారు 21 ఆంపియర్లు. రిలే వైండింగ్ దారిలో, లైను కరెంటులో కొంత భాగమే పారే చోట ఉంది కాబట్టి దాని సెట్టింగ్ 21 కాదు, అందులో 58 శాతం, అంటే 12 ఆంపియర్ల చుట్టుపక్కల ఉండాలి. మోటారు తరచూ ట్రిప్పవుతోందని పిలిస్తే వెళ్ళిన కుర్రాడు నేమ్‌ప్లేటు చూశాడు, డయలు చూశాడు. ఎవరో తప్పు సెట్ చేశారనుకున్నాడు. పెద్ద రేంజి ఉన్న ఎలక్ట్రానిక్ రిలే కావడంతో డయలు 21 దాకా హాయిగా తిరిగింది. ట్రిప్పులు ఆగిపోయాయి, మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడా మోటారు లైన్లో 36 ఆంపియర్లు లాగినా రిలేకి పట్టదు. నిజానికి అది ట్రిప్పవడానికి కారణం గ్రీజు ఎండిపోయిన బేరింగు. వైండింగ్ వేడి 10 డిగ్రీలు పెరిగినకొద్దీ ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి పడిపోతుందని మనందరం చదువుకున్న లెక్కే. కొన్నాళ్ళకి మోటారు కాలిపోయి రీవైండింగ్‌కి వెళ్ళింది. రిపోర్టులో వైండింగ్ ఫెయిల్యూర్ అని రాశారు. ఎక్కడా బైపాస్ అన్న మాట లేదు, ఆ కుర్రాడు చేసినది బైపాస్ అని అతనికే తెలియదు.

పీఎల్‌సీలో ఫోర్స్ చేసిన బిట్టు ఇంకా సుఖంగా దాక్కుంటుంది. పీఎల్‌సీ అంటే యంత్రాన్ని ప్రోగ్రాం ప్రకారం నడిపే కంట్రోలర్, ఫోర్స్ అంటే అసలు సిగ్నల్ ఏదైనా సరే మనం పెట్టిన విలువే దానికి కనబడేలా చేయడం. కమిషనింగ్‌లో, అంటే కొత్త యంత్రాన్ని మొదటిసారి నడిపించేటప్పుడు, ఫోర్స్ కావాలి, లేకపోతే పని జరగదు. కానీ చాలా రకాల పీఎల్‌సీల్లో ల్యాప్‌టాప్ పీకేసి ఇంటికి వెళ్ళిపోయినా ఫోర్స్ అలాగే ఉంటుంది. ఫోర్స్ ఉందని చెప్పడానికి కంట్రోలర్ మీద ఒక చిన్న లైటు పెట్టి ఉంటారు, ఆ పక్కన వెలిగే నాలుగైదు లైట్లలో దాన్ని గమనించేవాడెవడు? ఫోర్స్ కూడా కాకుండా ప్రోగ్రాంలోనే చెయ్యి పెడితే ఆ లైటు కూడా వెలగదు. లెవెల్ ట్రాన్స్‌మిటర్ పాడైందని ఒకచోట ట్యాంకు లెవెల్ బదులు ప్రోగ్రాంలో ఒక స్థిరమైన అంకె పెట్టేశారు. ఎప్పుడు చూసినా 50 శాతం. ఆపరేటర్‌కి ఆ ట్యాంకంటే మహా ఇష్టం, ఒక్కసారి కూడా అలారం ఇవ్వలేదట!

సెన్సర్లు తమ కొలతని పంపే 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల సిగ్నల్‌ని 0 దగ్గర కాకుండా 4 దగ్గర మొదలుపెట్టడానికి ఒక కారణం వైరు తెగితే తెలియాలనే. 0 వచ్చిందంటే ట్యాంకు ఖాళీ అని కాదు, లూపు తెగిందని. ఎమర్జెన్సీ స్టాప్‌కి నార్మల్లీ క్లోజ్డ్ (మామూలప్పుడు మూసుకునే ఉండే) కాంటాక్టు వాడేదీ అందుకే, వైరు ఊడినా యంత్రం ఆగాలి. మన రంగంలో పాతవాళ్ళు ఇలా చెడిపోతే తెలిసేలా ప్రతిదీ తీర్చిదిద్ది పోయారు. జంపర్ చేసే పని సరిగ్గా దానికి ఉల్టా. చెడిపోయినా తెలియకుండా చేస్తుంది.

ఇక ఎలక్ట్రీషియన్ ప్రమేయమే లేనివి కొన్ని. గార్డు స్విచ్చిలో దూరే నాలుక లాంటి యాక్చుయేటర్ ఉంటుంది కదా, దాని స్పేర్ ఒకటి ఆపరేటర్ల డ్రాయరులో ఉంటుంది. గార్డు తీసి పక్కన పెట్టి, స్పేర్ నాలుక స్విచ్చిలో దూర్చి నడిపిస్తారు. అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే రీడ్ స్విచ్చి మీద టేపుతో అతికించిన అయస్కాంతాలు, లోహాన్ని పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సరు ముందు జిప్‌టైతో కట్టిన ఇనుప ముక్కలు సరేసరి. సర్క్యులర్‌లో మాత్రం ఎలక్ట్రీషియన్ మీద చర్య అని రాశారు.

జంపర్‌తో వెతికేవాళ్ళు

ఇక్కడ మా వాళ్ళ మీద కూడా ఒక మాట అనాలి. జంపర్ జేబులో లేకుండా ఫాల్టు ఎలా పట్టుకోవాలి అంటారు కొందరు సీనియర్లు. వరసగా ఏడెనిమిది కాంటాక్టులున్న కంట్రోల్ సర్క్యూట్లో ఒక్కోదాన్నీ జంపర్‌తో కలుపుతూ పోతారు, ఎక్కడ కలిపితే కాంటాక్టర్ (మోటారుకి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్చి) లాగుతుందో అదే ఫాల్టు. వేగంగానే దొరుకుతుంది. కానీ దొరికిన క్షణంలోనే యంత్రం కదులుతుంది, అవతల దానిలో ఎవరి చెయ్యి ఉందో ప్యానెల్ దగ్గర నుంచున్నవాడికి కనబడదు.

అదే పని మీటరు చేస్తుంది. 24 వోల్టుల కంట్రోల్ అనుకోండి. స్టార్ట్ నొక్కి పట్టుకుని ఒక్కో కాంటాక్టు అటూ ఇటూ ప్రోబులు పెట్టుకుంటూ పోతే, మూసుకున్న కాంటాక్టు మీద 0 చూపిస్తుంది, తెరుచుకుని దారి ఆపింది ఏదో దాని మీద 24 మొత్తం చూపిస్తుంది. రెండుచోట్ల తెరుచుకుని ఉంటే ఈ పద్ధతి తికమక పెడుతుంది, అప్పుడు ఒక ప్రోబు కామన్ (కరెంటు తిరిగొచ్చే వైరు) మీదే ఉంచి రెండోదాన్ని ముందుకు జరుపుకుంటూ వోల్టేజి ఎక్కడ మాయమైందో చూడాలి. 230 వోల్టుల కంట్రోలు, పొడవాటి కేబుళ్ళు అయితే పక్క వైరు నుంచి ఇండ్యూస్ అయిన దొంగ వోల్టేజి డిజిటల్ మీటరుని మోసం చేస్తుంది, లో-ఇంపెడెన్స్ మోడ్ ఉంటే అందులో పెట్టి చూడాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటివారంలోనే నేర్పొచ్చు. నేర్పకుండా, నేర్పే తీరిక ఇవ్వకుండా, చేతికో వైరు ముక్కిచ్చి పంపిస్తున్నాం. వెతకడానికి పెట్టిన ముక్క పని అయ్యాక తీయడం మర్చిపోతే అదే రేపటి ఎర్ర వైరు.

కాబట్టి మా వైపు నుంచి తగ్గించుకోదగ్గది కొంత ఉంది. దాన్ని నిజాయితీగా తగ్గించాకే మిగతాదాని గురించి గట్టిగా మాట్లాడే హక్కు మాకుంటుంది.

యంత్రమే అడిగే బైపాస్

జర్మనీలో ప్రమాద బీమా సంస్థల సమాఖ్య 2006లో ఒక నివేదిక వేసింది. లోహపు పనిచేసే యంత్రాల మీద రక్షణ పరికరాల్లో దాదాపు 37 శాతం శాశ్వతంగానో అప్పుడప్పుడో బైపాస్ అవుతున్నాయని అందులో తేలింది. క్రమశిక్షణకి పేరుపడ్డ చోట, యంత్రాలు తయారుచేసే చోట ఆ లెక్క. ఇంతమంది ఒకే పని చేస్తున్నారంటే అందరూ నిర్లక్ష్యపు మనుషులని తీర్పు చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు. పనికి అడ్డుపడేలా తయారుచేసిన గార్డుని మనిషి ఎలాగోలా దాటిపోతాడు.

ఇంటర్‌లాక్ స్విచ్చుల గురించి ఉన్న ఐఎస్ఓ 14119 అంతర్జాతీయ ప్రమాణం 2013లో కొత్త రూపంలో వచ్చింది. దాంట్లో నాకు నచ్చింది ఇదే. బైపాస్ చేయరాదు అని ఊరుకోకుండా, ఈ యంత్రం మీద బైపాస్ చేయాలన్న కోరిక ఎవరికి, ఏ పనిలో, ఎందుకు పుడుతుందో తయారీదారు ముందే లెక్క వేసుకోవాలంటుంది. సెట్టింగులో, శుభ్రం చేయడంలో, ఇరుక్కున్న ముక్క తీయడంలో గార్డు తీసి ఉంచి చూడకుండా పని జరగదా? అయితే దానికి ఒక దారి నువ్వే పెట్టు అని.

రోబోల దగ్గర ఆ దారి చక్కగా ఉంది. తాళంచెవి తిప్పి టీచ్ మోడ్‌లో (రోబోకి కదలికలు నేర్పే మోడ్) పెడితే కంచె లోపలికి వెళ్ళి పనిచేయొచ్చు. కానీ వేగం సెకనుకి 250 మిల్లీమీటర్లు దాటదు. చేతిలో మూడు స్థానాల స్విచ్చి ఉంటుంది, మధ్యలో పట్టుకుంటేనే కదులుతుంది, వదిలేసినా ఆగుతుంది, భయంతో గట్టిగా నొక్కేసినా ఆగుతుంది. ఇదీ బైపాసే, కంచె తలుపు ఇంటర్‌లాకుని పక్కన పెట్టడమే. ఎవరు చేయొచ్చో, ఎలాగో, దాని బదులు ఏ రక్షణ ఉండాలో ముందే ఆలోచించి, అందరికీ కనబడేలా చేసిన బైపాస్. మరి ప్రమాణాలే ఒప్పుకున్నదాన్ని మన సర్క్యులర్ ఒప్పుకోకపోవడం దేనికి?

ప్రాసెస్ ఇంటర్‌లాకుల దగ్గర, అంటే ట్యాంకు లెవెల్ లాంటివి హద్దు దాటకుండా చూసేవాటి దగ్గర, ఇంకా చిన్న సంగతులుంటాయి. ట్యాంకులో మిక్సరు తిరుగుతుంటే పైభాగం ఎగసిపడుతుంది, హై లెవెల్ స్విచ్చి ఆ తుంపరకే లేస్తుంది, పంపు ట్రిప్పవుతుంది. షిఫ్టంతా రీసెట్ కొట్టి కొట్టి విసిగిన ఆపరేటర్ బతిమాలితే ఎవరో ఆ స్విచ్చిని జంపర్ చేస్తారు. ఒకరోజు నిజంగానే ట్యాంకు పొంగుతుంది. దానికి కావాల్సింది లాజిక్‌లో మూడు సెకన్ల డిలే, అంతే. అది ఆ ట్యాంకుకి ప్రమాదం కాదని ప్రాసెస్ వాళ్ళు చూసి చెప్పాలి, ఒక కాగితం కదలాలి. కాగితం కదలడం కష్టం, జంపర్ తేలిక.

సంతకం అడిగితే

మాలో ఒకాయన ఉన్నారు, పెద్దాయన, మాటలు తక్కువ. అందరికీ తెలియాల్సిన పద్ధతి ఆయనది. ఒకసారి రాత్రి షిఫ్టులో గార్డు స్విచ్చి బైపాస్ చేయమని ఇన్‌చార్జి వచ్చాడు.

"ఒక్క గంట అన్నా. ఈ లోడ్ పంపించేస్తే పొద్దున తాపీగా చేసుకోవచ్చు."

ఆయన కాదనలేదు. లాగ్‌బుక్ తెరిచి, తేదీ, టైము, మెషీన్ నంబరు వేసి, గార్డు ఇంటర్‌లాక్ తీసేసి నడపమని కోరినవారు అని రాసి, పక్కన ఖాళీ వదిలి పెన్ను అందించారు. "ఇక్కడ సంతకం పెట్టండి సార్. గంట తర్వాత నేనే వచ్చి తీసేస్తాను."

ఇన్‌చార్జి పెన్ను పట్టుకుని ఆ లైను రెండుసార్లు చదువుకున్నాడు. పెన్ను పెట్టేసి, "ఉండన్నా, అసలు స్విచ్చికేమైందో ఒకసారి చూద్దాం" అన్నాడు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. స్విచ్చి లక్షణంగా ఉంది. గార్డు తలుపు కీలు వంగి, నాలుక స్విచ్చి కన్నానికి ఎదురుగా రావడం లేదు. ఫిట్టర్ వచ్చి కీలు సరిచేశాడు, అరగంటలో లైను నడిచింది.

ఆయన రూల్సు చదివి వినిపించలేదు, సేఫ్టీ పాఠం చెప్పలేదు. ఆ కోరికకి ఒక పేరు కావాలన్నారు, అంతే. నోటిమాటగా అడిగేటప్పుడు బైపాస్ అనేది ఎలక్ట్రీషియన్ చేసే పని. రాసేసరికి అది అడిగినవాడి నిర్ణయం. ఎదురుగా ఇద్దరు మనుషులే, అదే యంత్రం, అదే రాత్రి. బరువు ఎవరి నెత్తిన ఉందన్నది ఒక్కటే మారింది. ఇప్పటి ఏర్పాటులో ఎలక్ట్రీషియన్ అడకత్తెరలో పోకచెక్క. లైను ఆగితే ప్రొడక్షన్ నొక్కుతుంది, ప్రమాదం జరిగితే సర్క్యులర్ నొక్కుతుంది.

అక్కడ ఇన్‌చార్జి నిజంగానే సంతకం పెట్టేసి ఉంటే? అప్పుడు కూడా చేయకూడదనే అంటాను. ఎమర్జెన్సీ స్టాప్‌నీ, మనిషి శరీరానికీ కదిలే భాగానికీ మధ్య ఉన్న గార్డునీ ఉత్పత్తి కోసం పక్కన పెట్టడానికి ఎవరి సంతకమూ సరిపోదు. ఆ పెద్దాయన్ని తర్వాత ఇదే అడిగాను. "ఆయన పెట్టడని తెలుసు కాబట్టే ఇచ్చాను" అన్నారు. అది ఆయన అనుభవం. నేనైతే ఆ ధీమా మీద పద్ధతిని కట్టను. ప్రాసెస్ ఇంటర్‌లాకులకీ, రెండున్నచోట ఒక సెన్సరు పోయినప్పుడు మిగిలిన దానితో నడపడానికీ, టెస్టింగ్‌కీ సంతకంతో దారి ఉండాలి. మనిషిని కాపాడేవాటికి ఉండకూడదు. వీటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం ప్యానెల్ ముందు నిలబడి తేల్చుకునేది కాదు, ఏ ఇంటర్‌లాక్ ఏ జాబితాలోదో పట్టపగలు కూర్చుని ముందే రాసుకోవాలి. సర్క్యులర్ నాలుగు లైన్లలో అయిపోయిందంటే ఈ పని ఎవరూ చేయలేదనే.

రిజిస్టరు మీద నా అనుమానాలు

ఒప్పుకున్న బైపాస్‌లన్నీ సంతకంతో ఎక్కించే రిజిస్టరు ఒకటి ఉండాలన్నది నా మాట. ఒక మిత్రుడు సేఫ్టీలో చేస్తాడు. ఇదంతా విని నవ్వాడు. "నువ్వు చెప్పే రిజిస్టరు నేను పెట్టి చూశాను. కొన్నాళ్ళకి అది పర్మిషన్ పుస్తకం అయిపోయింది" అన్నాడు. చూపించాడు కూడా. తీసివేసే తేదీ అన్న గడిలో వరసగా 'స్పేర్ వచ్చాక', 'స్పేర్ వచ్చాక', 'డిటో', 'డిటో'. ఆ స్పేర్‌కి ఇండెంట్ (తెప్పించమనే కాగితం) పెట్టారా అంటే కొన్నిటికి పెట్టనేలేదు. రిజిస్టరులో ఎక్కించాం కదా అన్న నిశ్చింతతో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. రాసినందువల్ల పాపం పోయిందనుకున్నారు.

ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. నోటితో అడగడానికి జంకేవాడు కూడా పుస్తకం ఉందంటే ధైర్యంగా అడుగుతాడు. దీనికి నాకు తోచిన విరుగుడు గడువు. తేదీ గడిలో సంఘటనలు రాయకూడదు, గంటలే రాయాలి. షిఫ్టు అయిపోగానే బైపాస్ చచ్చిపోవాలి, ఇంకా కావాలంటే తర్వాతి ఇన్‌చార్జి మళ్ళీ మొదటినుంచి రాసి సంతకం పెట్టాలి. విసుగ్గా ఉంటుంది, ఉండాలి. రోజుకి మూడు సంతకాలు పెట్టడం కన్నా స్పేర్ కోసం స్టోర్స్‌కి ఫోన్ చేయడం సులువనిపించాలి. అయినా 'డిటో' రాసేవాడు రాస్తాడు. దానికి నా దగ్గర మందు లేదు. కానీ ఆ డిటోల వరస కనీసం నా మిత్రుడికి కనబడింది. ప్యానెల్లో ఎర్ర వైరు ఎవరికీ కనబడలేదు.

అతని రెండో మాట ఇంకా సూటిగా ఉంది. "ప్రమాదం జరిగితే ఆ రిజిస్టరే మా మీద సాక్ష్యం. అందుకే పైవాళ్ళకి నిషేధమే ఇష్టం." నిజమే. సర్క్యులర్ ఉంటే, మేం వద్దన్నాం, వాడు వినలేదు అనొచ్చు. రిజిస్టరు ఉంటే, మీకు తెలుసు, మీరే ఒప్పుకున్నారు అంటారు. బాధ్యతకి భయపడి తెలుసుకోకుండా ఉండటాన్ని ఎంచుకున్నారన్నమాట. దీన్ని మార్చే బలం ఎలక్ట్రీషియన్‌కి లేదు, ఆడిటర్‌కి ఉంది. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు బైపాస్‌లు సున్నా అన్న కాగితం చూసి సంతోషించడం మానేసి, నాలుగు ప్యానెళ్ళ తలుపులు తీయించి, పీఎల్‌సీలో ఫోర్స్ టేబుల్ తెరిపించి, ఓవర్‌లోడ్ డయళ్ళని నేమ్‌ప్లేట్లతో పోల్చి చూస్తే చాలు. ఎంట్రీలున్న రిజిస్టరుకి మార్కులు తగ్గించి, ఖాళీ రిజిస్టరుకి మార్కులు వేస్తున్నంతకాలం ఖాళీ రిజిస్టర్లే దొరుకుతాయి.

మూడో అనుమానం నాది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ పెద్దాయన లాగ్‌బుక్ తెరిచి పెన్ను అందించగలిగారంటే ఆయన పర్మనెంట్ ఉద్యోగి, వయసులో పెద్ద, ఆయన లేకపోతే పాత మెషీన్ల సంగతి తెలిసినవాడు లేడు. ఆ రాత్రి అక్కడ కాంట్రాక్టు మీద వచ్చిన ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఉంటే? రేపటి గేట్ పాస్ ఆ ఇన్‌చార్జి మాట మీద ఆధారపడినవాడు పెన్ను అందిస్తాడా? నేను వాణ్ణి అందించమనగలనా? మా దగ్గర కొందరు కుర్రాళ్ళకి ఒకటి చెప్పాం. సంతకం అడగలేకపోతే కనీసం రాత్రివేళ షిఫ్ట్ సీనియర్‌కి ఫోన్ చెయ్, "అన్నా, ఫలానా మెషీన్ గార్డు బైపాస్ చేయమంటున్నారు, మీరొకసారి సార్‌తో మాట్లాడండి" అని ఫోన్ ఇన్‌చార్జి చేతికివ్వు అని. ఇద్దరు ముగ్గురు అలాగే చేస్తున్నారు. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే మా ఇళ్ళల్లో విసుక్కుంటారు, కానీ చేయొద్దని మేమెవరం చెప్పలేదు. మిగతావాళ్ళు ఫోన్ కూడా చేయరు. వాళ్ళు ఏం చేస్తున్నారో మాకు ప్యానెల్ తెరిచిన రోజునే తెలుస్తుంది.